పిచ్చుకల కుచ్చు కింద పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో కాఫీ పంచె మీద ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. పిల్ల పేరు బదులు పిల్ల తల్లి పేరు అడిగినవాణ్ణి కూడా చూశాను. వాళ్లంతా హాయిగా పెళ్లిళ్లు చేసుకుని మనవల్ని ఎత్తుకు తిరుగుతున్నారు. నేను చేసిన ఘనకార్యం వేరు. వినండి, విని కడుపారా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఐ.ఆర్. ఎయిట్ వరి మా వైపు కొత్తగా దిగిన రోజులు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మెట్ట మీద జొన్న కంకులు పాలు పోసుకున్న నాటి నుంచి నా కాపురం మంచె మీదే. చేతిలో పిట్టల మీదికి రాళ్లు విసిరే వడిసెల, నోట్లో "హోయ్ హోయ్". రెక్క చప్పుడైతే చాలు, నిద్రలో కూడా నా చెయ్యి దానంతటది లేచేది. మా అమ్మ నా మంచం పక్కగా నడవడం మానేసింది.

అలాంటివాణ్ణి మంచె దింపి, తలకు నూనె రాసి, పాతపట్నం అవతల పల్లెకు పెళ్లిచూపులకు పంపారు. మార్గశిరం చలి. నాకు తోడు మా మేనమామ కొడుకు సూరిబావ. పంచాయతీ సమితి ఆఫీసులో గుమస్తా. సెంటు భూమి లేదు, జన్మలో పిట్టను తోలిన పాపాన పోలేదు.

"నువ్వు నోరిప్పకు బావా. మాటలన్నీ నాను సూసుకుంతాను" అని దారంతా చెప్పాడు. చూసుకున్నాడు కూడా, మీరే చూస్తారుగా.

పిల్ల పేరు నూకరత్నం. పళ్లెంలో అరిసెలు పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఒక్కసారి చూశాను. అంతే, మనసు పోయింది. దాచడమెందుకు, ఆ పిల్ల ఊఁ అంటే చాలు, కట్నం మాట ఎత్తితే మా వాళ్లనే కొట్టేసేలా ఉన్నాను. నేను నచ్చానో లేదో అని మాటిమాటికీ కండువా సర్దుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడు నెత్తి మీద కిచకిచమంది. చూరుకు కొత్త వరి కంకులతో జడలా అల్లిన కుచ్చు వేలాడుతోంది. దాని మీద పిచ్చుకలు వాలాయి, ఒకటా రెండా, గుంపుకు గుంపు. కోతలయ్యాక పిట్టలు తింటాయని ఇంటింటా కట్టేదే, మా ఇంట్లోనూ కట్టేదే. ఆ సంగతి నా బుర్రకు తెలుసు. చేతికి తెలియదు కదా!

"హోయ్! హోయ్! హోహోయ్!" అని లేచాను. వడిసెల లేదు, భుజాన కొత్త కండువా ఉంది. రాయి లేదు, పళ్లెంలో అరిసె ఉంది. ఇంకేం కావాలి? కండువా మడతలో అరిసె పెట్టి రెండు తిప్పులు తిప్పి వదిలాను. గురి మాత్రం, నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, అద్భుతం. తాడు తెగి కుచ్చు కుచ్చంతా నూకరత్నం నెత్తిన పడింది. అరిసె వెళ్లి కాబోయే మావగారి మీసాల మీద ముక్కలైంది.

"ఏటి బాబూ, ఏటైనాది?" అన్నాడాయన బిత్తరపోయి.

"పిట్టలు మావా! గింజలన్నీ తినేస్తన్నాయి!" అన్నాను వగరుస్తూ.

"తినడానికే కట్టినాను" అంది నూకరత్నం, జుట్టులో గింజలు దులుపుకుంటూ. అక్కడితో ఆగినా బాగుండేది. తండ్రి వైపు తిరిగి, "పిట్ట నోటికాడ గింజ తిననీనోడు, రేపు నా కంచంలో మెతుకులు లెక్కెట్టడా నాన్నా?" అంది.

నేను అలాంటివాణ్ణి కాదని చెప్పాలని ఎంతో ఉంది. ఈలోగా ఆ పక్కన సూరిబావ కింద పడ్డ గింజలు ఏరి వసారా అంచున పోశాడు. ఒక పిచ్చుక వచ్చి అతని కాలి బొటనవేలి పక్కనే గింజ కొరుక్కు తింది. వెధవ పిచ్చుక! నూకరత్నం దాన్నీ చూసింది, బావనీ చూసింది.

ఇంటికి వచ్చి పట్టుదలకు పోయాను. నాకూ పిట్టలంటే ప్రాణమని ఆ పిల్లకు తెలిసి తీరాలి. మంచి కంకులు ఏరి కుచ్చు అల్లడానికి కూర్చున్నాను.

"ఏటిరా అది, సీపురా?" అంది మా అమ్మ.

"కుచ్చే అమ్మా, పిచ్చికలకి."

"దాని మీద పిచ్చికేటి, ఈగయినా వాల్దు."

ఆ గుమ్మం మళ్లీ తొక్కడానికి నాకు ముఖం చెల్లలేదు. ఇక్కడ చూడండి నా తెలివి! సూరిబావ ఆఫీసు పని మీద అటు వెళ్తుంటాడు. "బావా, ఇది ఆ పిల్లకిచ్చి, నా తరపున రెండు మంచి మాటలు సెప్పు" అని బతిమాలాను.

"ఓస్, అంతేనా?" అన్నాడు.

తిరిగి రాగానే చొక్కా పట్టుకున్నాను. "ఏటంది?"

"నవ్వింది. ఇలగ అల్లకూడదని మొత్తం ఇప్పేసి, నాకు అల్లడం నేర్పింది."

"మరి నా గురించి?"

"ఇంకా అంతవరకూ రానేదు బావా."

ఇంకోటి పంపాను. ఈసారి కాఫీ ఇచ్చిందట. ఆ తరవాత బావే తొందర పెట్టడం మొదలెట్టాడు. "ఇంకా అవనేదా నీ అల్లకం? నాను ఎల్లాల" అనేవాడు. పాపం, నా కోసం ఎంత తిరుగుతున్నాడో అని కళ్లు చెమర్చేవి. వేళ్లు కోసుకుపోతున్నా అల్లుతూనే ఉన్నాను.

మాఘంలో ఒకరోజు వచ్చి నా చేతిలో శుభలేఖ పెట్టాడు. అందులో అతని పేరు, పక్కన నూకరత్నం పేరు. తిప్పి తిప్పి చదివాను.

"నా మాటేటి సెప్పినావురా ఆ పిల్లకి?"

"నీ కుచ్చులు శానా బాగున్నాయని సెప్పినాను బావా, నీ మీదొట్టు."

కొట్టలేకపోయాను. ఏడవలేకపోయాను. పెళ్లికి వెళ్లకపోతే ఊరంతా నవ్వుతుందని వెళ్లాను. విస్తరి ముందు కూర్చుంటే, పసుపు బట్టలతో నూకరత్నమే నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చింది. బావ పెళ్లాం నాకు వరసకు ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

"ఇంకొంచెం ఏసుకో అన్నయ్యా" అంది.

ఆ నెయ్యన్నం ముద్ద చేత్తో పట్టుకుని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మకు ఏ పిట్టనూ తోలను. ఏ కుచ్చూ అల్లను. ఇక పెళ్లిచూపులంటూ వెళ్తే, బావ వరసైన ఏ మగాణ్ణీ వెంట పెట్టుకు వెళ్లను. మా అమ్మ కన్న చెల్లెళ్లే నాకు చాలు.