గడ్డి మిషను పళ్లకు కక్కు

మా చిన్నప్పుడు... మందస అవతల మా ఊళ్లో, మా నాన్న గడ్డి మిషను ముందు గొంతుక్కూర్చుని దాని పళ్లు ఊడదీస్తుండేవాడు. అమ్మ వాకిట్లోంచి మబ్బు చూస్తూ పళ్లు నూరుతుండేది.

జమీలు పోయిన కొత్తలో ఏదో దివాణం సామాను అమ్మేస్తుంటే కొనుక్కొచ్చాడు దాన్ని. గుర్రాలకు గడ్డి కోసిన పాత మిషనుట. పక్కకు పొడుగాటి ఇనపబద్ద, దాని మీద వరసగా మూడు మూలల పళ్లు... ఎడ్లు లాగుతుంటే ఆ బద్ద కిందున్న రేకుల మీద కత్తెరలా ఆడి గడ్డి కోయాలి. కోస్తేగా...

ఆ యేడు చీడ పట్టి వరి పోయింది. ఎడ్లకు వేసవి గడవాలంటే బీట్లో గడ్డే దిక్కు. కొడవళ్లతో నలుగురు దిగితే అయిపోయే పని. నాన్న వింటేనా...

మొద్దుబారిన పళ్లు నూరాడు. ఊడిన రివిట్లు బిగించాడు. అయినా సగం గడ్డి తెగక పక్కకు ఒరిగిపోయేది. అప్పుడు తట్టింది ఆయనకు ఆ గొప్ప ఉపాయం.

"కక్కు లేని కొడవలి కోత్తదేటి? దీనికీ కక్కు కొట్టించాల" అంటూ బద్ద భుజాన వేసుకుని కమ్మరి కొలిమికి పోయాడు.

కొడవలి అంచుకు ఉలితో పెట్టించే సన్నటి గాట్లే కక్కు. కమ్మరి కూడా హుషారుగా ప్రతి పన్నుకీ కొట్టిపెట్టాడు. దాంతో ఉన్న కాస్త కోతా పోయింది. ఉలి దెబ్బలకు పళ్లు వంగి, రేకులకూ వాటికీ మధ్య సందు వచ్చింది... గడ్డి ఆ సందులో మడతపడి ఇరుక్కోవడం, ఎడ్లు ఆగిపోవడం, నాన్న దిగి పీకడం. పొద్దంతా ఇదే.

అమ్మకు కోపం వస్తే నాన్నతో మాట్లాడదు. మధ్యలో నేను.

"ఓలమ్మీ, మీ నాయనకి సెప్పు. తూరుపు మబ్బు నల్లగయిపోనాది. కొడవళ్లోళ్లని పిలమను."

"మీ యమ్మకి సెప్పు. రేపటికి బాగైపోద్ది."

ఇద్దరూ ఎదురెదురుగానే ఉండేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ రేపు రానే లేదు. చివరికి అమ్మే కొడవలి పట్టుకుని బీట్లోకి దిగింది. నాలుగు మోపులు కోసిందో లేదో, సముద్రం మీంచి తుపాను వాన... మిగిలిన గడ్డంతా నీళ్లలో కుళ్లిపోయింది. మేత లేక ఎర్రెద్దును అమ్మేశాం. కొన్నవాడు పలుపు పట్టుకుని లాక్కుపోతుంటే నాన్న గదిలోంచి బయటికి రాలేదు.

కొన్నాళ్లకు ఆ పళ్లలో ఒకదాన్ని కమ్మరి చేత గుండ్రంగా సాగగొట్టించి, అంచుకు మళ్లీ కక్కు పెట్టించి, పీటకు బిగించి అమ్మ ముందు పెట్టాడు. కొబ్బరి కోరుకునే కోరు అది. అమ్మ ఒక చిప్ప కోరి చూసి, నా వైపు తిరిగింది.

"ఓలమ్మీ, మీ నాయనకి సెప్పు. ఎద్దుని మింగిన పన్ను... కొబ్బరి మాత్రం బాగా కోరతంది."

నాన్న తల వంచుకుని నవ్వాడు. నాకు మాత్రం ఎర్రెద్దు గుర్తొస్తే ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు మా ఊళ్లో కోత మిషను దిగితే పూటలో చేను ఖాళీ. పన్ను అరిగితే కొత్తది వేసుకుంటారు, నూరే ఓపిక ఎవరికీ లేదు. ఆ కోరు ఇంకా నా వంటింట్లోనే ఉంది...

మీ ఇంట్లో అలకలప్పుడు కబుర్లు మోసింది ఎవరో మీరూ రాయండి. మా ఇంట్లో మోసేదాన్ని నేనున్నాను... పంపేవాళ్లే లేరు.