గడ్డం కత్తి కొన్నాక

నలభై ఏడో ఏట నా మెడ మీద పొక్కులు మొదలయ్యాయి. అప్పటిదాకా రోజూ నాలుగు బ్లేళ్ల రేజరుతో చకచకా గడ్డం గీసుకుని, పౌడరు రాసుకుని, ఏడున్నర బస్సెక్కి బడికి వెళ్లే మనిషిని. పాలకొల్లులో కాపురం, పక్క ఊళ్లో హైస్కూలు, చెప్పేది ఫిజిక్స్. చొక్కా కాలరు తగిలితే చాలు మెడ మండిపోయేది. చర్మం డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, వెంట్రుకలు చర్మం లోపలికి మొలుస్తున్నాయన్నారు. కొన్నాళ్లు గడ్డం వదిలేసి, తర్వాత ఒకే బ్లేడున్న మామూలు రేజరుతో గీసుకోమన్నారు. చెప్పిందాంట్లో మొదటి సగమే నా చెవిన పడింది.

గడ్డం పెంచాను. అది నల్లగానూ పెరగలేదు, తెల్లగానూ పెరగలేదు. సున్నం చల్లిన కొబ్బరి పీచులా ఉందంది మా ఆవిడ. అది కార్తీకమాసం. నాకున్న మంచి చొక్కాల్లో రెండు నల్లవి. ఒకరోజు బస్సులో కండక్టరు, "స్వామీ, కొంచెం లోపలికి జరగండి" అన్నాడు. మూడు తరాలుగా మాది లూథరన్ కుటుంబం. ఆ మాట చెప్పేలోపే ఎవరో కుర్రాడు లేచి సీటిచ్చాడు. కూర్చున్నాను. మర్నాడూ కూర్చున్నాను. అలా రెండు వారాలు నాది కాని దీక్షతో సుఖంగా ప్రయాణం చేశాక, ఆదివారం ఆరాధన అయిపోయిన తర్వాత పాస్టరు అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగారు. ఇక గడ్డం తీసెయ్యాలనుకున్నాను.

తీసెయ్యడానికి మామూలు రేజరు చాలు. కానీ ఈలోగా నేను ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఎవరో విదేశీయుడు, తెల్లటి తువ్వాలు భుజాన వేసుకుని, పాతకాలపు మడత కత్తితో, చెంప మీద నురుగుని వెన్నపూసలా తీసేస్తున్నాడు. చర్మానికి అంతకంటే మంచిది లేదని చెబుతున్నాడు. నెల రోజులు చూశాను. కత్తి ఉక్కు గురించి, దాన్ని పదును పెట్టే తోలు పట్టా గురించి, బ్రష్షు కుచ్చు గురించి స్టాఫ్ రూములో ఉపన్యాసాలిచ్చాను. చర్మానికీ కత్తికీ మధ్య ముప్పై డిగ్రీల కోణం ఉండాలని బల్ల మీద సుద్దతో బొమ్మ గీసి మరీ చూపించాను. సోషల్ మాస్టారు శ్రద్ధగా విని, మీరు ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారండీ అని అడిగారు. ఇంకా కొనాలండి అన్నాను.

ఆ శనివారమే రాజమండ్రి వెళ్లాను. సెలూన్లకి సామాను అమ్మే పాత కొట్టు ఒకటి ఉందని ఎవరో చెప్పారు. కొట్టాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ ఊళ్లో అండి సెలూను?" అని అడిగాడు. నాకోసమేనని చెప్పడానికి ఎందుకో మొహమాటం వేసింది. పాలకొల్లులోనండి అన్నాను. దాంతో ఆయన నన్ను వృత్తిలో మనిషిగా లెక్కేసి, సగం బ్లేడు బిగించి, వాడాక ఆ బ్లేడు పారేసే కత్తులు డజను తీసి ముందు పరిచాడు. ఇప్పుడు సెలూన్లన్నింటిలోనూ అవే కదా. ఇవి కాదు, సాన పట్టే అసలు కత్తి కావాలన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, స్టూలెక్కి పై అరలోంచి ఒక అట్టపెట్టె దించి దుమ్ము దులిపాడు. నూనె కాగితంలో చుట్టిన కత్తులు రెండే ఉన్నాయి. ఒకటి సన్నగా, పొట్టిగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. రెండోది వెడల్పుగా, కొమ్ము పిడితో ధగధగలాడుతోంది. చేతికి చిన్నదే సుళువండి అన్నాడు కొట్టాయన. నాకు తెలుసులెండి అని పెద్దది తీసుకున్నాను.

బ్రష్షు దగ్గర ఇంకా హడావిడి చేశాను. వీడియోలో చెప్పినట్టు ఒక్కొక్కదాన్నీ అరచేతి మీద రుద్ది చూశాను, వాసన చూశాను, కుచ్చు పట్టుకుని లాగి చూశాను. నాలుగో బ్రష్షు వెంట్రుకలు కొన్ని నా చేతిలోకి వచ్చేశాయి. మర్యాదకి దాన్నే కొన్నాను. గుండ్రటి సబ్బు బిళ్ల, సబ్బు కలుపుకునే గిన్నె, తోలు పట్టా, కోసుకుంటే రాసుకోడానికి పటిక ముక్క. అన్నీ పొట్లం కట్టించుకుని, పెళ్లికి నగలు కొన్నవాడిలా సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను.

పటిక ముక్కని మా ఆవిడ వెంటనే తీసేసుకుంది. కుళాయి నీళ్లు మురికిగా వస్తున్నాయట, బిందెలో తిప్పడానికి పనికొస్తుందంది. తోలు పట్టాని కిటికీ ఊచకి కట్టి నేను కత్తి పదును పెట్టబోయాను. వీడియోలో ఆ మనిషి టపటపా కొట్టినట్టే కొట్టాను. మూడో విసురుకి, కొట్లో ఏళ్ల తరబడి ఎండిపోయిన ఆ పట్టా సగానికి తెగి వేలాడింది. చూశావా ఎంత పదునో అన్నాను మా ఆవిడతో. ఆవిడ తెగిన ముక్కని తీసుకెళ్లి, దానంతటదే మూసుకుపోతున్న వంటింటి తలుపు కింద పెట్టింది.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో వాక్యం చదివే వంతు నాది. పెందలాడే లేచి, స్నానాలగది అద్దం ముందు నిలబడి, గిన్నెలో సబ్బు కలిపి, పండగ కేకులా మొహమంతా నురుగు పట్టించాను. కుడి చెంప మీద కత్తి ఆనించి లాగాను. గడ్డం తెగలేదు, పీక్కుపోయింది. నా కళ్లల్లోంచి నీళ్లు కారాయి. కోణం తక్కువైందేమోనని కత్తిని కొంచెం లేపాను. ఈసారి తెగింది. గడ్డం కాదు, చెంప. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఆ సంగతి ఏటా తొమ్మిదో తరగతికి నేనే చెబుతాను. అయినా నా చెయ్యి ఎటు వెళ్లాలో తెలియక గాల్లో ఆగిపోయింది. అరగంట తంటాలు పడితే కుడి చెంప ఎలాగో అయింది. ఎడమ చెంప ముట్టుకునే ధైర్యం లేక నురుగు కడిగేసుకున్నాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పేపరు చించి ముక్కలు తడిపి, గాట్ల మీద ఒక్కొక్కటే అంటించింది. ఏడు ముక్కలు. ఒకదాని మీద సగం రాశిఫలం కనబడుతోందట. అప్పుడు నవ్వింది.

మిగిలిన చెంప గీసుకోడానికి పాత రేజరు ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. కొత్త కత్తి వచ్చిన రాత్రే దాన్ని చెత్తబుట్టలో వేశాను, వేస్తున్నానని ఇంట్లో ప్రకటించి మరీ. చర్చిలో మగవాళ్ల వైపు, గోడ పక్కన, ఎడమ చెంప గోడకి తిప్పి కూర్చున్నాను. వాక్యం చదవడానికి వెళ్లినప్పుడు మాత్రం దాక్కోడానికి ఏమీ లేదు. ఆడవాళ్ల వైపు వాళ్లకి గడ్డం, మగవాళ్ల వైపు వాళ్లకి పేపరు ముక్కలు కనబడ్డాయి. చదువుతుండగా ఒక ముక్క ఊడి బైబిలు మీద పడింది. దాన్ని అలాగే ఉంచి పేజీ తిప్పేశాను. అయ్యగారు ఈసారి నన్నేమీ అడగలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి, కత్తి పట్టుకుని, బస్‌స్టాండు వెనక సందులో ఉన్న సెలూనుకి వెళ్లాను. అక్కడ పని చేసేది కొడుకు. తండ్రి డెబ్బై దాటినాయన, చెయ్యి వణుకు వచ్చిన దగ్గర్నుంచి పని మానేసి, బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుతుంటాడు. ఆయన మొహాన కూడా వారం పది రోజుల గడ్డం. నన్ను చూసి పేపరు దించాడు. నా చేతిలో ఉన్న కత్తి ఇమ్మన్నాడు. మడత విప్పి, బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు.

"మాస్టారూ, దీంతో అరటిపండు కూడా తెగదండి" అన్నాడు. "కొత్త కత్తికి మొదట సాన పట్టాలి. ఎవరండి చెప్పింది మీకు, ఇలాగే గీసుకోమని?"

వీడియోలో చూశానని చెప్పలేకపోయాను. తెలిసినాయన చెప్పాడన్నాను.

ఎడమ చెంప కొడుకు గీశాడు, సగం బ్లేడు కత్తితో, రెండు నిమిషాల్లో. ముసలాయన మాత్రం నా కత్తిని వదల్లేదు. మంగళవారం సెలూను సెలవు, బడి అయ్యాక ఇంటికి రండి అన్నాడు. వెళ్లాను. పెరట్లో నీళ్ల గోలెం పక్కన సాన రాయి తడిపి, నా చేతే నూరించాడు. వణికే తన వేలుతో నా వేళ్లని సర్దుతూ, కత్తి బరువే చాలు, మీరు నొక్కక్కర్లేదు అనేవాడు. ముప్పై డిగ్రీల సంగతి చెప్పబోయాను. డిగ్రీలు తనకి తెలియవనీ, కత్తిని పడుకోబెడితే గడ్డం, నిలబెడితే నెత్తురు అనీ చెప్పాడు. ఇన్నేళ్ల నా పాఠాల్లో అంత పొట్టి సూత్రం ఒక్కటీ లేదు.

తర్వాత బుడగలు. ఊదిన బుడగకి నురుగు రాసి, పగలకుండా గీయాలి. మొదటి మంగళవారం పదకొండు పగలగొట్టాను. రెండోవారం పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, ఎవరిదండి పుట్టినరోజు అని అడిగింది. నాలుగోవారానికి ఒక బుడగ చివరిదాకా నిలిచింది. గర్వంతో దాన్ని పైకెత్తి చూపించబోతే కత్తి మొన తగిలి అదీ పగిలింది.

ఆ రోజే ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇంక నాకు గీయండి" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆయన మెడకి తువ్వాలు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నా మొహమే సరిగ్గా గీసుకోలేని వాణ్ణి, మీ అబ్బాయి ఉన్నాడు కదండీ అన్నాను. కొడుకు చేతి పని మంచిదేనన్నాడు. కానీ తను నలభై ఏళ్లు వాడిన కత్తులు కొడుకు మూటగట్టి అటక మీద పడేశాడట. ఇప్పుడు అవి ఎవరూ వాడరు నాన్నా అన్నాడట. ఆ పారేసే బ్లేడు తన మొహానికి తగలనివ్వనని అప్పుడు అనేశాడట. చెయ్యి బాగున్నంత కాలం ఒక కత్తి దాచుకుని తనే గీసుకున్నాడు. చెయ్యి పోయాక మాట ఉండిపోయింది, గడ్డం ఎప్పుడైనా కత్తెరతో కత్తిరించుకోవడమే.

నురుగు పట్టించాను. ఆయన చెంప మీద కత్తి ఆనించాను గానీ, లాగకుండా అలాగే ఉంచేశాను. "భయపడితే కత్తికి తెలిసిపోద్దండి" అన్నాడు కళ్లు తెరవకుండా. ఒక్కో వేలెడు గీసి ఆగి ఊపిరి పీల్చుకున్నాను. సగం అయ్యేసరికి ఆయన కదలడం మానేశాడు. ఎంతకీ ఉలుకూ పలుకూ లేదు. కత్తి కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"బతికే ఉన్నానండి" అన్నాడు. "ఎడం పక్క మిగిలిపోయింది, కానివ్వండి."

గంటంపావు పట్టింది. గాటు ఒక్కటే పడింది, అదీ చిన్నది. ఆయన చెంపలు రెండూ తడుముకుని, చుబుకం కింద నాలుగు వెంట్రుకలు వదిలేశారన్నాడు. నేను ఇంటికొచ్చి మా ఆవిడకి ఆ నాలుగు వెంట్రుకల సంగతి తప్ప మిగతా అంతా చెప్పాను.

అలా నాలుగైదు నెలలు ప్రతి మంగళవారం ఆయనకి గడ్డం గీశాను. నా మొహం మాత్రం, ఇది ఇప్పటిదాకా స్టాఫ్ రూములో చెప్పలేదు, డాక్టరు గారు చెప్పిన మామూలు రేజరుతోనే గీసుకుంటున్నాను. పొక్కులు తగ్గాయి. అది కత్తి మహిమే అని సోషల్ మాస్టారు నమ్ముతున్నారు.

ఎండాకాలంలో ముసలాయన మనవరాలి పెళ్లి వచ్చింది, సామర్లకోటలో. కూతురి కూతురు. ప్రయాణం రోజు ఉదయమే నాకు కబురొచ్చింది. వెళ్లేసరికి కొడుకు కూడా పెరట్లోనే ఉన్నాడు. మంగళవారాలు నేను వెళ్లేసరికి అతను బయటికి పోయేవాడు. ఆ రోజు పెళ్లికని సెలూను మూసి ఇంట్లోనే ఉన్నాడు. నేను వచ్చి తండ్రికి గడ్డం గీస్తున్నానని అతనికి తెలుసనీ, ఎప్పుడూ ఏమీ అనలేదనీ నాకు ముందే తెలుసు. కానీ ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు.

పని తెలిసినవాడు చూస్తుంటే నా చెయ్యి నాది కాకుండా పోయింది. కుడి చెంప ఎలాగో లాక్కొచ్చాను. మెడ దగ్గరికి వచ్చేసరికి వణుకు మొదలైంది. ముసలాయన కళ్లు తెరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. నన్ను నిలపాలని. కానీ ఆయన వణుకు నా వణుకుతో కలిసి, ఇద్దరి మధ్యా కత్తి గాలికి కొట్టుకునే ఆకులా ఊగింది.

కొడుకు రెండడుగులు ముందుకొచ్చి, "ఇటివ్వండి మాస్టారూ" అన్నాడు.

ఇచ్చాను. అతను కత్తిని అరచేతి మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి, తండ్రి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహం పైకెత్తాడు. ముసలాయన వద్దనలేదు. నాకు పావుగంట పట్టే చోట అతనికి నాలుగు గీతలు పట్టాయి. అంత వెడల్పు కత్తి అతని చేతిలో ఈకలా ఉంది. చిన్నప్పుడు ఈ పని నేర్పింది ఆ తండ్రే కదా. తువ్వాలుతో తుడిచాక తండ్రి చెంప తడుముకుని, చుబుకం కింద కూడా తడుముకుని, ఊఁ అన్నాడు.

కొడుకు కత్తి కడిగి నాకిస్తూ, "నాన్న నన్నెప్పుడూ అడగలేదండి" అన్నాడు, తండ్రికి వినబడకుండా. కత్తి మడిచి తిరిగి అతని చేతిలోనే పెట్టాను. మీ దగ్గరే ఉంచండి, నాకు దీంతో పెద్దగా పని పడటం లేదన్నాను. ఆ కత్తి కొన్న దగ్గర్నుంచి దాని గురించి నేను చెప్పిన నిజం అదొక్కటే.

పెళ్లి నుంచి వాళ్లు తిరిగొచ్చాక మంగళవారాలు కొడుకే గీస్తున్నాడు. నాకున్న ఒక్క ఖాతాదారూ అలా పోయాడు. అయినా బడి అవగానే ఆ పెరట్లోకి వెళ్తూనే ఉన్నాను. స్టూలు వేస్తారు, టీ ఇస్తారు. నా పని ఇప్పుడు గిన్నెలో సబ్బు కలిపి, ఆయన మొహానికి పట్టించడం వరకే. వెంట్రుకలు ఊడే ఆ బ్రష్షుతోనే పట్టిస్తాను. చెంప మీద అంటుకున్న వెంట్రుక తనదా బ్రష్షుదా అని ముసలాయన ప్రతివారం అడుగుతాడు గానీ, నురుగు మాత్రం మాస్టారు బాగా తెప్పిస్తారని మొన్న పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను.