పద్మనగర్‌లో రోటరీ కారు

2023 వేసవిలో భివండీలోని పద్మనగర్‌కు చెందిన కొండ సులోచన నాకు ఒక పని అప్పగించింది. ఠాణేలో ఒక పాత స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉంది, తాను కొనే ముందు దాన్ని పరీక్షించి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. అప్పట్లో నేను లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌ని. ప్రమాదానికి గురైన బండ్లను ఇన్సూరెన్సు కంపెనీల తరఫున చూసి, ఎంత నష్టం జరిగిందో, అది నిజంగా ఆ ప్రమాదంలోనే జరిగిందో లేదో తేల్చడం మా వృత్తి. లైసెన్సు గడువు మరుసటి ఏడాదితో ముగుస్తుంది, మళ్ళీ పొడిగించుకోకూడదని అనుకున్నాను. భివండీలో నేను చూసినవన్నీ టెంపోలు, ట్రక్కులు, నూలు బేళ్ళు మోసే చిన్న బండ్లు. స్పోర్ట్స్ కారు అనే మాట నా రిపోర్టుల్లో అంతవరకూ రాలేదు.

సులోచన నాకంటే చిన్నది, నన్ను అన్నా అని పిలుస్తుంది. మా రెండు కుటుంబాలూ కరీంనగర్ వైపు నుంచి వచ్చినవే. మామగారు పెట్టిన మరమగ్గాల కార్ఖానాను ఆమే నడుపుతుంది. భర్త భూమయ్య బట్ట అమ్మకాలు చూసుకుంటాడు. సులోచన కార్ఖానా టెంపో మీద డ్రైవింగ్ నేర్చుకుని ధామన్‌కర్ నాకా కూడలి రద్దీలో రివర్సు తీయగల మనిషి. ఠాణేలో పన్ను పీకించుకోవడానికి పోయి, ఆ డాక్టరుగారి కారు స్టార్టయిన శబ్దం విని మనసు పారేసుకుని వచ్చింది. విదేశంలో ఉద్యోగం మానుకుని వచ్చినప్పుడు డాక్టరు ఆ కారును కస్టమ్స్ సుంకం కట్టి తనతో తెచ్చుకున్నాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో అంత కిందికి వంగి కూర్చోలేక అమ్ముతున్నాడు.

ఎందుకమ్మా నీకీ కారు అని అడిగాను. ఇంట్లోవాళ్ళు, వాడకట్టులోవాళ్ళు అప్పటికే అదే ప్రశ్న అడిగి విసిగించినట్టున్నారు. "అన్నా, నా బతుకంత ఖట్ ఖట్ చప్పుడే. సాంచ అటు కొట్టుకుంటది, ఇటు కొట్టుకుంటది. గా బండి కొట్టుకోదు, తిరుగుతది. నాకు గదే గావాలె" అంది.

సాంచ అంటే మావాళ్ళ మాటలో మరమగ్గం. రోటరీ ఇంజన్ గురించి అంత పొట్టి వివరణ నేనెక్కడా వినలేదు. మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రోటరీలో పిస్టన్ లేదు. నడుము కొద్దిగా నొక్కినట్టుండే గదిలో, సమోసాలాగా మూడు మూలలున్న ఇనుప దిమ్మె ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని రోటర్ అంటారు. ఈ కారులో అలాంటివి రెండు. రోటర్ మూలమూలకూ సన్నని పట్టీలాంటి సీలు ఉంటుంది. ఆ సీళ్ళు గోడకు ఆనుకుని గాలిని పట్టి ఉంచినంతకాలమే ఇంజనుకు బలం. అవి అరిగితే ఇంజన్ మొత్తం విప్పాలి, మన దేశంలో వాటి విడిభాగాలు దొరకడం గగనం.

కాబట్టి కొనే ముందు చూడాల్సింది రంగూ సీట్లూ కాదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను, ఆర్సీతోనూ కస్టమ్స్ కాగితాలతోనూ పోల్చాను. తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సీళ్ళు గాలిని ఎంత గట్టిగా పట్టి ఉంచుతున్నాయో చూడడం. మామూలు గేజి పెడితే రోటర్ మూడు ముఖాల్లో గట్టిదేదో దాని లెక్క మాత్రమే చూపిస్తుంది, మిగతా రెండూ చచ్చినా తెలియదు. గేజిలో గాలిని ఆపే వాల్వు తీసేసి, స్టార్టర్ తిప్పుతూ ముల్లు ఎగరడం చూడాలి. మూడు గెంతులూ సమానంగా ఉంటే రోటర్ బాగున్నట్టు. రెండు రోటర్లలోనూ సమానంగానే వచ్చాయి. చివరగా కారును బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, డాక్టరుగారి టీ తాగి, మళ్ళీ స్టార్టు చేశాను. అరిగిన రోటరీ వేడి మీద మొరాయిస్తుంది. ఇది తిప్పగానే అందుకుంది. కొనవచ్చు అని రాసి సంతకం పెట్టాను.

ఆమెకు రెండు జాగ్రత్తలు చెప్పాను. ఈ ఇంజన్ తన సీళ్ళను తడుపుకోవడానికి కొంచెం కొంచెం ఆయిలు కావాలనే తాగుతుంది, కనుక ఆయిలు మట్టం తరచూ చూసి పోస్తుండాలి. బయటికి తీస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపకూడదు. చల్లని ఇంజన్ స్టార్టయ్యేటప్పుడు పెట్రోలు ఎక్కువ తీసుకుంటుంది. వెంటనే ఆపేస్తే ఆ పెట్రోలు కాలకుండా లోపలే మిగిలి, సీళ్ళ మీది ఆయిలును కడిగేస్తుంది. ఆమె రెండూ నాకే తిరిగి అప్పజెప్పి, తలూపి వెళ్ళింది.

ఆ వానాకాలమంతా పద్మనగర్ ముక్కున వేలేసుకుని చూసింది. నేలకు ఆనుకున్నట్టుండే ఆ కారును సులోచన గుంతలు తప్పించుకుంటూ నాసిక్ హైవే మీదికి తీసుకెళ్ళి, అక్కడ తన ముచ్చట తీర్చుకుని వచ్చేది. బేరం కుదిర్చినవాణ్ణి నేనే అన్నట్టు జనం నాకు నమస్కారాలు పెట్టేవారు. నాకూ బాగానే ఉండేది.

చలికాలం మొదలయ్యాక ఒకరోజు కారు స్టార్టు కాలేదు. తర్వాత అసలే కాలేదు. రోటరీ తెలిసిన గ్యారేజి ఒకటి ముంబయిలో ఉందని ఎవరో చెబితే వాళ్ళను పిలిపించారు. వాళ్ళ మనిషి వచ్చి కంప్రెషన్ చూసి, సీళ్ళు పోయాయి, ఇంజన్ అయిపోయింది, బాగుచేసి లాభం లేదు, తుక్కు కింద తామే తీసుకుంటామని చెప్పాడు. భూమయ్య సరే అన్నాడు. సోమవారం మధ్యాహ్నం టోయింగ్ బండి వస్తుందని సులోచన నాకు ఫోన్ చేసింది. 

నాకు ఒళ్ళు మండింది. ఏడాదైనా కాలేదు, మూడు గెంతులూ నా కళ్ళతో చూశాను. నిక్షేపంగా ఉన్న సీళ్ళు అంతలో ఊరికే పోవు. చల్లని ఇంజన్ ఎప్పుడైనా ఆపావా అని అడిగాను. ఒక్కనాడూ ఆపలేదంది. ఆయిలు? ప్రతి వారం చూసి పోస్తున్నానంది. గ్యారేజివాళ్ళూ ఇవే అడిగారట, ఇవే చెప్పిందట. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. అయినా బండి పోయేలోగా ఒకసారి నా చేత్తో పరీక్షించి తీరతానని చెప్పాను.

సోమవారం పొద్దున్నే సామాను పట్టుకుని కార్ఖానాకు వెళ్ళాను. పగటిపాళీ మొదలయ్యే వేళ. కూలీలు సాంచల పక్కన నిలబడి ఉన్నారు, ఒక్క యంత్రమూ తిరగడం లేదు. పూజ అయ్యేదాకా ఆగమని భూమయ్య నాకు కుర్చీ వేశాడు. సులోచన దేవుడి పటం ముందు దీపం పెట్టి, అగరుబత్తీలు పట్టుకుని వరుస మొదట్లో ఉన్న సాంచ దగ్గరికి వచ్చింది. బత్తీ తిప్పి, మీట నొక్కి సాంచను చాలూ చేసి, నాలుగు పోగులు పడగానే ఆపి దండం పెట్టింది. మామగారి కాలం నుంచి ఆ ఇంట్లో అదే ఆనవాయితీ. ప్రతి వరుసలో మొదటి సాంచకూ అలాగే చేసుకుంటూ వచ్చి, కార్ఖానా చివర రేకుల కింద ఉన్న కారు దగ్గరికి నడిచింది. బానెట్‌కు బొట్టు పెట్టి, బత్తీ తిప్పి, తలుపు తీసి కూర్చుని తాళం తిప్పింది. స్టార్టర్ కాసేపు తిరిగి ఊరుకుంది. ఆమె తాళం తీసేసి, స్టీరింగుకు రెండు చేతులూ జోడించింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఏం చేశావు సులోచనా అని అడిగితే దండం పెట్టిన అంది.

"చాలూ ఎందుకు చేశావు?"

"చాలూ చేయక దండమెట్ల పెడుతరన్నా? బంద్ ఉన్న మిషన్కు పెడుతరా ఎవరన్న?"

"రోజూ పెడతావా?"

"దసరా నుంచి. ఆయుధపూజకు సాంచలతోటి దీన్ని గూడ పెట్టినం గదా. గప్పటిసంది పొద్దుగాల దీనికి గూడ పెడుతున్న."

చల్లని ఇంజన్ ఆపవద్దని చెప్పాను కదా అన్నాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నడిపినప్పుడు ఒక్కనాడు గట్ల జేయలే అన్నా. ఇది నడుపుడు గాదు గదా."

నాకు నవ్వు ఆగలేదు. దసరా నుంచీ ప్రతి ఉదయం ఆ ఇంజను ఒక గుక్క పెట్రోలు తాగి, దాన్ని కాల్చుకునేలోపే ఆగిపోయింది. ఎండగా ఉన్నన్నాళ్ళు తట్టుకుంది. చలి మొదలై పెట్రోలు మోతాదు పెరిగేసరికి లోపల ఉన్న ఆయిలు పొర అంతా కొట్టుకుపోయింది. ఆయిలు లేకపోతే మంచి సీలు కూడా గాలిని పట్టి ఉంచలేదు, గేజిలో ముల్లు లేవదు. గ్యారేజివాడు చూసిన లెక్క తప్పు కాదు. సీళ్ళు అరిగాయా, ఆరిపోయాయా అన్నది మాత్రం చూడలేదు.

కానీ నవ్వినంత మాత్రాన కారు స్టార్టు కాదు. మధ్యాహ్నంలోగా అది తన గొంతుతో పలకాలి, లేకపోతే భూమయ్య ఇచ్చిన మాట ప్రకారం వెళ్ళిపోతుంది.

ముందు కారును నూలు బేళ్ళకు దూరంగా గల్లీలోకి తోయించాను. కొత్తగా పెట్రోలు రాకుండా పంపు ఫ్యూజు పీకి, నాలుగు ప్లగ్గులూ విప్పాను. అవి పెట్రోలుతో తడిసి కారుతున్నాయి. అప్పుడే నాకు సగం ధైర్యం వచ్చింది. ప్లగ్గులు లేకుండా స్టార్టర్ తిప్పితే లోపలి పెట్రోలు ఆ రంధ్రాల్లోంచి పిచికారీలా బయటికి వచ్చింది. తర్వాత సిరంజితో ఒక్కో గదిలోకి కాస్త ఇంజనాయిలు ఎక్కించి, ఆ తడి అంతటా పట్టేలా మళ్ళీ తిప్పి, కొత్త ప్లగ్గులు బిగించి, ఫ్యూజు పెట్టాను. కారు బ్యాటరీ నీరసించి ఉంది, టెంపో బ్యాటరీ తగిలించాం. సీట్లో కూర్చోమని సులోచనకే చెప్పాను. ఆమె తాళం తిప్పింది.

మొదటిసారి ఉత్తగా తిరిగింది. రెండోసారి ఒక దగ్గు దగ్గింది. మూడోసారి ఒక పక్క అందుకుని, ఊగి, ఇక ఆగిపోతుందనుకునేలోగా రెండో రోటర్ కూడా అందుకుంది. మేం పోసిన ఆయిలంతా కాలి గల్లీ నిండా తెల్లటి పొగ కమ్మింది. మగ్గాల వాడలో పొగ అంటే నిప్పే. పక్క కార్ఖానాల్లోంచి జనం బకెట్లతో ఉరికి వచ్చారు. ఒకాయన నీళ్ళు నా మీద పోసేశాడు కూడా. "కాలు తీయకు, బంద్ చేయకు" అని నేను అరుస్తున్నాను, సులోచన లోపల కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. పొగ పలచబడేకొద్దీ చప్పుడు సాపయింది. కొట్టుకోని చప్పుడు, తిరిగే చప్పుడు. బకెట్లు కింద పెట్టి అందరూ విన్నారు.

టోయింగ్ బండి వచ్చేసరికి కారు ధామన్‌కర్ నాకా దాటి హైవే మీద ఉంది. నేను పక్క సీట్లో ఉన్నాను. ఆమె దాన్ని ఎలా నడిపిందో సర్వేయర్‌గా నేను రాయలేను, రాయకూడదు. తిరిగి వచ్చాక వేడి ఇంజన్ మీద వాల్వు తీసిన గేజి పెట్టి, ముల్లును భూమయ్యకే చూపించాను. మూడు గెంతులు, సమానంగా. రెండో రోటర్‌లోనూ మూడే, సమానంగా. ఆ రోజు నాకు కలిగిన గర్వం దాచుకోను. ఎన్నో క్లెయిములు తేల్చాను గానీ, చచ్చిందన్న దాన్ని బతికే ఉందని నిరూపించే అవకాశం మా పనిలో అరుదుగా వస్తుంది.

భూమయ్య టోయింగ్ డ్రైవర్‌కు చాయ్ తాగించి ఖాళీ బండితో పంపాడు. గ్యారేజికి తనే ఫోన్ చేసి, అమ్మడం లేదని చెప్పాడు. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి భార్యతో, "ఏందే, నన్ను గూడ ఒకసారి కూసోబెట్టుకపోతవా లేదా?" అన్నాడు. పోదాం గానీ దర్వాజ మెల్లగ వేయమంది ఆమె.

పూజ మానేయమని నేను చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. కారుకు దండం పెట్టే రోజు కారును హైవే దాకా నడిపి తీరాలని మాత్రం షరతు పెట్టాను. ఆమె ఆలోచించి ఆదివారం ఖాయం చేసుకుంది. మిగతా రోజుల్లో బొట్టు మాత్రమే. నాకు తెలిసి ఆ ఇంజన్ ఇప్పటిదాకా మళ్ళీ మొరాయించలేదు.

లైసెన్సు వదులుకునేలోగా ఇంకొన్ని బండ్లు చూశాను. ఆ యజమానులందరినీ ఒక ప్రశ్న అదనంగా అడిగాను: బండి బయటికి తీయని రోజు దాన్ని ఏం చేస్తారు? ఎలా వాడుతున్నారని అడిగితే వచ్చే జవాబులో ఈ సంగతులుండవు. ఒకాయన ఇంజన్ చల్లగా ఉండాలని రేడియేటర్‌కు తడిగుడ్డ కప్పేవాడు. ఇంకొకాయన బ్యాటరీ అలసిపోతుందని రోజూ వైరు ఊడదీసేవాడు. ఎవరూ దాచలేదు, అడగగానే సంతోషంగా చెప్పారు. పట్టించుకోకపోవడం వల్లే బండ్లు పాడవుతాయని మా వృత్తిలో అందరం అనుకుంటాం. అతిగా పట్టించుకుని పాడుచేసినవాళ్ళు కూడా ఉంటారు, అయితే వాళ్ళు దాన్ని బండి వాడకం కింద లెక్కపెట్టరు. అందుకే దాని గురించి మనమే విడిగా అడగాలి.