వెలిగించి చూసిన బల్బు

నడిరోడ్డు మీద బోర్లా పడుకుని టైరు గీతలు చూసే మనిషికి పేరు పెట్టకుండా జనం ఊరుకుంటారా? గీతల మాస్టారు అన్నారు. వాహనాలు గుద్దుకున్న చోటికి వెళ్ళి, ఎవరు ఎంత వేగంతో వచ్చారో, ఎక్కడ బ్రేకు తొక్కారో లెక్కగట్టి కోర్టుకు చెప్పడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మోకాళ్ళు అరిగిపోయాయి, ప్యాంట్లు అంతకన్నా ముందే అరిగిపోయాయి.

"ఎవరి చక్రం ఎటు తిరిగిందో చెప్తారు గానీ, పెళ్ళాం ముఖం ఎటు తిరిగిందో మాత్రం కనిపెట్టలేరు," అనేది భార్య. అనదూ మరి! కంచం ముందు కూర్చున్న మనిషి ఫోను మోగితే చెయ్యి కడుక్కుని టేపు పట్టుకుని పోయేవాడాయె.

చదువుకేం తక్కువ లేదు. మెకానికల్ డిప్లొమా, ట్రాఫిక్ పోలీసుగా తొమ్మిదేళ్ళు, ఆ తర్వాత ప్రమాదాల విశ్లేషణలో శిక్షణ. అన్నిటికీ మించి ప్రమాదాల నిపుణుడన్న సర్టిఫికెట్టు ఒకటుంది. మూడేళ్ళకోసారి పరీక్ష రాసి నిలబెట్టుకోవాలి. యాభై నాలుగేళ్ళ వయసులో హాల్ టికెట్టు పట్టుకుని, కూతురి వయసు వాళ్ళ పక్కన కూర్చుని రాసొచ్చాడు. అది ఉంటేనే కోర్టులో ఆయన మాటకు విలువ. లేకపోతే దారినపోయే దానయ్య మాటే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు పాఠాలూ ఆయనే చెప్పేవాడు. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే.

"పగిలిన దీపం స్విచ్చు జోలికి పోవద్దు. బల్బు వెలుగుతుండగా గాజు పగిలితే, లోపల కాలుతున్న తీగకు గాలి తగిలి అక్కడికక్కడే మాడిపోతుంది. తెల్లటి బూడిద పడుతుంది. ఆరిపోయి ఉన్న బల్బు పగిలిందనుకోండి, తీగ మెరుస్తూ అలాగే ఉంటుంది. పగిలాక మీరు స్విచ్చు వేశారో, రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఉన్న ఒక్క సాక్షి నోరు మీరే నొక్కేసినట్టు."

ఆ కేసు మామూలుదే. మసక చీకట్లో టైరు పంక్చరై రోడ్డంచున ఆగిన వ్యాను. వెనక నుంచి వచ్చి గుద్దుకున్న మోటారు సైకిలు. నడిపినవాడు పోయాడు. వ్యానుకు వెనక పనిచేసే దీపం ఒక్కటే, అది వెలుగుతూనే ఉందన్నాడు డ్రైవరు. ఇక తప్పంతా పోయినవాడి మీదే పడింది.

పోయినవాడి భార్య మాస్టారి ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చూసుకోకుండా పోయి గుద్దాడంటున్నారు సార్. చివరికి మా అత్తగారూ అదే మాట. ఆయన ఎప్పుడూ నెమ్మదిగానే నడిపేవారు. మీరైనా సరిగ్గా చూసి చెప్పండి."

ఆ వారంలో అది నాలుగో ప్రమాదం. రెండు రోజులుగా కంటికి నిద్రన్నది లేదు. పోలీసు యార్డులో వ్యాను దగ్గర నిలబడేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. వెనక బల్బు గాజు రాలిపోయి ఉంది. భూతద్దం జేబులోనే ఉంది, కెమెరా మెడలోనే ఉంది. వైరింగు పనిచేస్తుందో లేదో చూద్దామని చెయ్యి దానంతటది స్విచ్చు మీదికి పోయింది.

తల తిప్పి వెనక్కి చూసేసరికి తీగ ఒక్కసారి భగ్గుమని ఆరిపోయింది. సన్నగా తెల్లటి పొగ లేచింది.

ఎంతమందికి చెప్పాడు ఈ ముక్క! ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంటికొచ్చాడు. రిపోర్టులో, "తీగ మాడి ఉంది, తెల్లటి బూడిద ఉంది," అని రాశాడు. రాసిన ప్రతి మాటా నిజమే. నిజాలతో అబద్ధం ఆడటం ఇంత సులువని ఆయనకు ఆ రోజే తెలిసింది, సిగ్గుతో చచ్చిపోయాడు.

వాయిదా దగ్గరపడే కొద్దీ ముద్ద దిగడం మానేసింది. భార్య గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

"చెప్తే ఏమవుతుందండీ?"

"సర్టిఫికెట్టు పోతుంది."

"చెప్పకపోతే?"

ఆయన కంచం పక్కకు జరిపి, రిపోర్టు నకలు తీసి ముందు పెట్టుకున్నాడు.

కోర్టులో వ్యాను యజమాని తరఫు లాయరు మహా మర్యాదగా మొదలుపెట్టాడు. "ముందు మీ అర్హతలు చెప్పండి సార్." డిప్లొమా, ఉద్యోగం, శిక్షణ, సర్టిఫికెట్టు, అన్నీ వరసగా చెప్పాడు గీతల మాస్టారు. చెప్తుంటే అవన్నీ వేరే ఎవరివో అనిపించాయి.

"తీగ ఇలా మాడిందంటే దీపం వెలుగుతున్నట్టేగా?"

"మామూలుగా అయితే అంతేనండి. కానీ దీన్ని మాడ్చింది నేనే. యార్డులో పొరపాటున స్విచ్చు వేశాను. వేయకూడదని నలుగురికీ చెప్పేవాణ్ణి, నేనే వేశాను. రిపోర్టులో ఆ మాట దాచాను."

జడ్జి గారు కళ్ళజోడు తీశారు. "అయితే ఇక ఆ దీపం సంగతి ఎవరూ చెప్పలేరన్నమాట."

"చెప్పచ్చండి. బల్బు గాజు పెంకులు ఆ సాయంత్రమే రోడ్డు మీద, పడిపోయిన మోటారు సైకిలు కింద దొరికాయి. ఫొటోలున్నాయి. అంటే గాజు పగిలింది గుద్దుకున్నప్పుడే. అప్పుడు దీపం వెలుగుతూ ఉంటే తీగ అక్కడే మాడిపోయేది. యార్డులో నేను స్విచ్చు వేసినప్పుడు భగ్గుమనడానికి ఏమీ మిగిలేది కాదు."

"మీరు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదండి."

సర్టిఫికెట్టు రద్దు చేస్తారని ఆయనకు తెలుసు. మూడు వారాల్లో చేశారు కూడా. కానీ ఆ రోజు మెట్లు దిగుతుంటే ఆయనకు దాని గురించిన ఆలోచనే లేదు. ఎక్కడైనా పడుకుంటే చాలనిపించింది.

వరండాలో పోయినవాడి భార్య ఎదురొచ్చింది. దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న ఒక్క మాటే అడిగింది.

"అయితే, ఆయన చూసుకోక కాదన్నమాట."

"కాదమ్మా. చూడటానికి అక్కడ దీపం లేదు."

ఆమె గోడ పక్కనున్న బల్ల మీద మెల్లగా కూర్చుంది. ఆయనా ఆ బల్ల చివరనే కూర్చున్నాడు.