వెంకన్న వెనకాల మా టీమ్

మా ఐస్ హాకీ టీమ్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఏడాది నేను కువైట్ సిటీలో మంచు దున్నేవాణ్ణి. దున్నడమంటే, ఆటగాళ్లు స్కేట్లతో గీకి పాడుచేసిన మంచునేల మీద బండి నడిపి మళ్లీ అద్దంలా చేయడం. కడప ఎండల్లో పుట్టి, నడివేసవిలో స్వెట్టరు తొడుక్కుని పనికి పోయేవాణ్ణి. ఆట నియమాలు నాకు చివరిదాకా బోధపడలేదు. వాళ్లు గోల్ కొడితే నేను గోల చేసేవాణ్ణి, అంతే. అయినా ఆ సీజన్లో మ్యాచ్ ఉన్న ఏ రోజూ నాకు అన్నం సహించలేదు. ఫైనల్లో రెండు గోల్స్ వెనకబడి, వరసగా మూడు కొట్టి గెలిచారు. గెలిచాక తీసిన ఫోటోలో కప్పు పట్టుకుని మధ్యలో మా కోచ్, కెనడా మనిషి. కుడి అంచున ఒక చెవి ఉంటుంది. అది నాది.

ఫోటోకు ఫ్రేము కట్టించి, మంచునేల ఉన్న మా రింకు గుమ్మంలో తగిలించిన కొన్నాళ్లకే ఇరాక్ సైన్యం దిగింది. తెల్లవాళ్లను వెతికి పట్టుకుపోతున్నారు. అబూ హలీఫాలో మా మామ కాపలా కాసే బిల్డింగులో, ఖాళీ అయిన పై ఫ్లాట్లో కోచ్ దాక్కున్నాడు. ఇండియావాళ్లను సిపాయిలు పెద్దగా ఆపేవారు కాదు గనుక ఆయనకు అన్నం నేనే తీసుకుపోయేవాణ్ణి. రింకు గుమ్మంలో మాత్రం ఆయన మొహం నవ్వుతూ వేలాడుతోంది. సిపాయిలు చూస్తే, ఇతనెక్కడని అడిగేది నన్నే. రెండు దెబ్బలు పడితే నేనెంతసేపు నోరు మూసుకుంటానో నాకు తెలుసు. అసలు మూసుకోను.

ఒక పొద్దున ఫోటోను స్వెట్టర్లో చుట్టి మామ గదికి తెచ్చేశాను.

"పటం తెచ్చినావా, మనల్ని పట్టిచ్చేదాన్ని తెచ్చినావా? కాల్చెయ్‌రా!" అన్నాడు మామ.

"అందులో నా చెవి ఉంది మామా."

"చెవి కోసరం తల పోగొట్టుకుంటావురా నువ్వు" అంటూనే, క్యాలెండర్లోంచి వెంకటేశ్వరస్వామి బొమ్మ కత్తిరించి, అద్దం కింద ఫోటో మీద పరిచాడు. గోడకు తగిలించి ఊదొత్తి వెలిగించాడు. ఆనాటి నుంచి స్వామితో పాటు మా టీముకూ రోజూ పూజే.

ఆ వారమే సిపాయిలు బిల్డింగు వెతకడానికి వచ్చారు. మామ గదిలోకి వచ్చినవాడు పరుపు తిరగేశాడు, బియ్యం సంచిలో చెయ్యి పెట్టాడు. పటం ముందు ఆగి, వంకరగా ఉందని వేలితో సరిచేశాడు. లోపల స్వామి బొమ్మ కాస్త జారి, ఒక స్కేటు మొన బయటపడింది.

"హిందీ?" అన్నాడు, ఇండియావాళ్లేనా అని.

"హిందీ, హిందీ" అన్నాడు మామ.

ఇంతలో కిందినుంచి ఎవరో "యల్లా!", పదండి, అని అరిచారు. వాళ్లు పై అంతస్తు చూడకుండానే దిగిపోయారు.

 మామ పటం దించి నా చేతిలో పెట్టాడు. స్వామిని పక్కకు తీసి, ఫోటోను పొయ్యి మీద పెట్టాను. నా చెవి వైపు నుంచే అంటించాను.

తర్వాత అన్నం పట్టుకుని పైకి పోయాను. పరదాలన్నీ మూసి ఉన్నాయి. కోచ్ గోడకానుకుని కూచున్నాడు.

"ఫోటో లేదు సార్. కాల్చేశా."

ఆయన జుట్టు వెనక్కి సవరించుకున్నాడు. "అందులో నా జుట్టు బాగుందా?"

"లేదు సార్."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "సరే, మూడో గోల్ ఎలా పడిందో చెప్పు."

నాకు తెలిసినంత చెప్పాను. "కాదయ్యా, కుడివైపు నుంచి కాదు" అని గుసగుసగా దిద్దుతున్నాడు. వీధిలో జీపు ఆగింది. ఇద్దరం ఆగాం. ఇంజను ఆగిపోయింది గాని తలుపు తీసిన చప్పుడు లేదు. ఆయన వేలితో నేల దుమ్ములో గీత గీశాడు, రబ్బరు బిళ్ళ గోల్లోకి పోయిన దారి. నేను తలూపుతూనే ఉన్నాను, పారిపోవాల్సొస్తే దిగే వెనక మెట్ల తలుపు గడియ తీసే ఉంచానా లేదా అని గుర్తు చేసుకుంటూ.