కప్పు పడని చర్చి

భీమడోలులో మా అమ్మమ్మ ఇంటి ముందుగదిలో ఒక పటం ఉంది. ఏ దేశానిదో పెద్ద రాతి చర్చి. కప్పు లేదు. గోడలు ఒక్కోచోట ఒక్కో ఎత్తులో ఆగిపోయి ఉంటాయి. లోపలంతా రాళ్ళ గుట్టలు. కింద చీమలంత ఇద్దరు మనుషులు బల్లలాంటిదాన్ని ముందొకరు, వెనకొకరు పట్టుకుని మోస్తుంటారు. మిషన్ ఆసుపత్రిలో అమ్మమ్మ వంట చేసే రోజుల్లో, స్వదేశం వెళ్ళిపోతూ అక్కడి దొరసాని ఇచ్చిన పటం అది.

ఇస్తూ దొరసాని ఏం చెప్పిందో అమ్మమ్మకు బోధపడలేదు. చర్చి కడుతున్నారు అనుకుంది. అందులో వింతేమీ లేదు. నా చిన్నతనమంతా మా చర్చికీ కప్పు లేదు. ఏటా కోత పండుగకి అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, కొల్లేటి వైపు వాళ్ళు తెచ్చిన చేపలు వేలం వేసి, వచ్చినదానితో ఇంకాస్త గోడ లేపేవారు. ఆరాధన జరుగుతుంటే కొంగలు వచ్చి ఆ గోడల మీద వాలేవి. వాన వస్తే పాట ఆపకుండానే గొడుగులు విప్పేవాళ్ళం. అమ్మమ్మ సాయంత్రం ప్రార్థనలో రెండు చర్చిలూ ఉండేవి. "ఆళ్ళదీ మాదీ కప్పు పడేలా చూడు తండ్రీ" అనేది.

ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు మా చరిత్ర మేడం ప్రొజెక్టర్ మీద ఒక బొమ్మ చూపించారు. మా పటమే. యుద్ధాన్ని చూసి బొమ్మలు వేయడానికి సైన్యంతో పాటు వెళ్ళిన చిత్రకారుడు వేసిందట. వందల ఏళ్ళ నాటి చర్చి ఫిరంగి దెబ్బలకు అలా అయిందట. ఆ ఇద్దరూ మోస్తున్నది స్ట్రెచర్. తెర మీద పెద్దదిగా కనిపించేసరికి, దాని మీద పడుకున్న మనిషి బూటు కూడా తెలిసింది.

ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికి రాగానే అమ్మమ్మకు చెప్పాను. పెరట్లోకి వినిపించేలా కేకేసి కాదు, పటం ముందుకి పిలిచి మరీ. చేపలు తోముతున్నదల్లా లేచి వచ్చింది.

"కొట్టేశారా? అంత గుడిని? ఎవరే?"

"అవతలి సైన్యం, అమ్మమ్మా."

"ఆళ్ళు దేవుణ్ణి నమ్ముకున్నోళ్ళు కాదా?"

"వాళ్ళూ మనలాగే చర్చికి వెళ్ళేవాళ్ళే."

"పో అమ్మా! కాలేజీకి పంపితే ఇయ్యా నేర్పేది? సగమే కట్టారు కాబట్టి అలా ఉంది. అదుగో, ఇటుకలు మోత్తన్నారు. కళ్ళు కనపట్టంలా?" అని పొలుసంటిన వేలితో చూపించింది.

తర్వాత మా చర్చికి రేకులు వేశారు. ఇంకొన్నాళ్ళకి స్లాబే పడింది. పటంలో దానికి మాత్రం పడలేదు. "ఆళ్ళకి కోత పండుగ లేదేమో పాపం" అనేది అమ్మమ్మ.

ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్ళు. మా ఆయన గల్ఫ్‌లో సైట్ సూపర్‌వైజరు. ఆయన వెళ్ళాక తాడేపల్లిగూడెంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పాపను తీసుకుని అమ్మమ్మ దగ్గరికి వచ్చేశాను. నాన్న అక్కడ ఏం చేస్తారని పాప అడిగితే అమ్మమ్మ పటం చూపించింది. "ఇదుగో, ఇలాంటియ్యే కట్టిత్తాడు మీ నాన్న." అప్పటినుంచి ఆ ఇద్దరిలో ముందున్నవాడు నాన్న. పాప కుర్చీ ఎక్కి ఆ చీమంత మనిషికి ముద్దు పెడుతుంది. పటం అద్దం మీద అక్కడ ఒక మరక ఉండిపోయింది.

కిందటి వారం ఆయన ఉన్న ఊరి మీద క్షిపణులు పడ్డాయి. పాప చూడకుండా టీవీ తీగ పీకేశాను. ఆయనకి పెట్టిన మెసేజ్‌లన్నిటికీ ఒకటే టిక్కు, ఒక్కటీ చేరలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలియడం లేదు. ముందుగదిలోకి వెళ్తే నా కళ్ళు ముందున్నవాడి మీద ఆగవు, బల్ల మీద ఉన్నవాడి దగ్గరికే పోతాయి. పటం దించేద్దామని ఒకరోజు చేతులు వేశాను.

"నాన్నని ఎక్కడికి తీసుకెళ్తున్నావమ్మా?" అంది పాప.

వదిలేశాను.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఏవండీ! ఎక్కడున్నారండీ?"

"బేస్‌మెంట్‌లో ఉన్నాం. బాగానే ఉన్నాను, కంగారుపడకు. మా పక్క టవరు..." అని ఆగిపోయారు. "పని ఆపేశార్లే."

"వచ్చేయండి."

"విమానాలేవీ?"

ఈలోగా పాప ఫోన్ లాక్కుంది. స్పీకరు నొక్కాను. "నాన్నా, కప్పు వేసేశారా?"

పటం కథంతా ఆయనకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేనే నవ్వుతూ చెప్పాను. అవతల ఎవరో దగ్గుతున్నారు.

"ఇంకా లేదమ్మా. వేస్తాం."

"తొందరగా వెయ్యండి. వానొస్తే తడిసిపోతారు."

ఆయన ఏదో అంటుండగానే లైను తెగిపోయింది.

సాయంత్రం ప్రార్థనలో అమ్మమ్మ ఎప్పటిలాగే పటంలో చర్చికి కప్పు పడాలని అడిగింది. కాలేజీ రోజుల నుంచీ ఆ మాట దగ్గర నేను ఊరుకునేదాన్ని. నిన్న పాపకంటే ముందు ఆమెన్ అన్నాను.

ఇది రాస్తూ మళ్ళీ మళ్ళీ ఫోన్ చూస్తున్నాను. లైను తెగాక పెట్టిన మెసేజ్‌కి ఇంకా ఒకటే టిక్కు.