గుప్పిట్లో చీటీ

మా బడి వరండాలో ఆఫీసు గది పక్కన ఒక చెక్క బోర్డు ఉంది. ఇంతవరకూ విద్యార్థి నాయకులుగా ఎన్నికైనవాళ్ల పేర్లన్నీ దాని మీద తెల్ల రంగుతో రాసి ఉంటాయి. పైనుంచి తొమ్మిదో పేరు నాది. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. కానీ ఇక్కడ "లీడరు ఎక్కడ?" అని ఎవర్నడిగినా, లెక్కల టీచర్నైన నన్ను చూపించరు. తిన్నగా సైన్సు ల్యాబుకి తీసుకెళ్లి, టెస్ట్ ట్యూబులు కడుగుతున్న మా పిన్ని కూతుర్ని చూపిస్తారు. అది ఏ ఎన్నికలోనూ గెలవలేదు. నా చేతిలోనే ఓడిపోయింది. అయినా హెడ్మాస్టరు గారి దగ్గర్నుంచి ఆరో తరగతి పిల్లల దాకా అందరికీ అదే లీడరమ్మ. పేరు నాది, పిలుపు దానిది. దీనికి ఒళ్లు మండకపోతే ఇంక దేనికి మండుతుంది?

నాకంటే మూడు నెలలు చిన్నది. పిన్నీ బాబాయీ ఉద్యోగాల కోసం ఊళ్లు తిరుగుతుంటే అది మా ఇంట్లోనే పెరిగింది. ఒకే మంచం, ఒకే దుప్పటి, ఒకే తరగతి. మార్కులు నాకు ఎక్కువ వచ్చేవి, మనుషులు దానికి ఎక్కువ వచ్చేవాళ్లు. వక్తృత్వ పోటీకి నేను వారం రోజులు అద్దం ముందు నిలబడి తయారయ్యేదాన్ని. అది వేదిక పక్కన కూర్చుని, వణికిపోతున్న చిన్నపిల్లలతో "మొదటి మాట మర్చిపోతే నావైపు చూడు, నేను అందిస్తా" అనేది. బహుమతి నాకొచ్చేది, పిల్లలు దాని చుట్టూ చేరేవాళ్లు. మా అమ్మ, నన్ను కన్న అమ్మ, "దాన్ని చూసి నేర్చుకోవే" అనేది. ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

పదో తరగతిలో నేను నాయకత్వానికి నిలబడ్డాను. దాన్ని దాని స్నేహితులు నిలబెట్టారు. నా గుర్తు స్కేలు, దాని గుర్తు గొడుగు. చీటీ మీద నచ్చిన గుర్తు గీసి, మడిచి, చెక్కపెట్టెలో వెయ్యాలి. మా బడికి ఒక ఆనవాయితీ ఉంది, ఇప్పటికీ ఉంది. పోటీ చేసే ఇద్దరూ అందరి తర్వాత చివర్లో ఓటెయ్యాలి. అదీ ఎవరికి వాళ్లు వేసుకోకూడదు, ఎదుటివాళ్లకి వెయ్యాలి. "మీ మీద మీకు నమ్మకముంటే ఒక్క ఓటు వదులుకోవడానికి ఏం?" అనేవారు డ్రాయింగు మాస్టారు.

నాకు నమ్మకం లేదు. తెర వెనక్కి వెళ్లి, గొడుగు గియ్యాల్సిన చోట స్కేలు గీశాను.

లెక్కపెట్టడం కూడా పోటీ చేసినవాళ్ల పనే. అది చీటీలు విప్పి చదవాలి, నేను నల్లబల్ల మీద గీతలు పెట్టాలి. మూత తియ్యగానే పైనున్న రెండు చీటీలు విప్పింది. "స్కేలు" అని ఒకటి చదివింది. రెండోది చదవకుండా గుప్పిట్లో దాచుకుంది. నేను చూశాను. హాల్లో ఇంకెవరూ చూడలేదు. వంద చీటీలు దాటాక గుప్పిలి విప్పి, మామూలుగా "స్కేలు" అంది. చివరికి నాకు నూట యాభై ఆరు, దానికి నూట యాభై అయిదు.

నా ఓటు నొక్కేద్దామని చూసి, ధైర్యం చాలక బయటపెట్టిందని అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు అదే అనుకున్నాను. నేను గీసిన స్కేలు గుర్తొచ్చినప్పుడల్లా దాని గుప్పిలి గుర్తు తెచ్చుకునేదాన్ని. ప్రాణం కుదుటపడేది.

ఆ ఏడాదంతా బ్యాడ్జి నా చొక్కాకి ఉంది, పనులు దాని చేతుల్లో జరిగాయి. వార్షికోత్సవంలో మాట్లాడేవాళ్ల జాబితా నేనే రాశాను, దాని పేరు రాయలేదు. అది తెర తాడు లాగే పని పుచ్చుకుంది. తెర కాస్తా సగంలో ఇరుక్కుంటే నిచ్చెనెక్కి విడిపించింది. నా ప్రసంగం కంటే ఆ నిచ్చెనకే చప్పట్లు ఎక్కువ.

తర్వాత నేను పెద్ద చదువులు చదివి ఈ బడికే టీచరుగా వచ్చాను. అది, పిన్నికి జబ్బు చేస్తే చదువు మధ్యలో ఆపేసి, ఇక్కడే ల్యాబు పనిలో చేరింది. నాటకాల బృందం కానీ, తోట పని కానీ, గోడపత్రిక కానీ, ఏది మొదలైనా దాని బల్ల దగ్గరే మొదలవుతుంది. విద్యార్థి సంఘానికి ఇన్‌చార్జిని మాత్రం నేను. పిల్లలు నా దగ్గరికి సంతకానికి వస్తారు, దాని దగ్గరికి ఊరికే వస్తారు.

పోయిన నెల ఎన్నిక జరిగింది. లీడరమ్మ చదివితే గొడవలుండవని, చీటీలు విప్పే పని పిల్లలే దానికి ఎప్పుడో అప్పగించారు. ఈసారి గుర్తులు గడియారం, తాళంచెవి. అన్నేళ్లలో నేనెప్పుడూ దాని చేతులకేసి చూడలేదు, ఆ రోజెందుకో చూశాను. పైనున్న రెండు చీటీలు విప్పింది. "గడియారం" అంది. రెండోది గుప్పిట్లోకి వెళ్లిపోయింది.

దొరికింది దొంగ అనుకున్నాను. అంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు. గడియారం పిల్ల నలభై ఓట్లతో గెలిచింది, ఆ గోల నా చెవికెక్కలేదు. సాయంత్రం బడి వదిలాక ల్యాబుకి వెళ్లాను.

"పిల్లలు నమ్మి పెట్టె చేతికిస్తే నువ్వు చేసేది ఇదా? చీటీలు దాస్తావా? మనప్పుడూ ఇదే చేశావు. నేను చూశాను."

అది కొళాయి కట్టేసింది. "చూశావా? మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"చివర్లో వేసిన చీటీలు పైనే ఉంటాయి కదక్కా," అంది చేతులు తుడుచుకుంటూ. "రెండింటి మీదా ఒకే గుర్తుంటే, ఎవరో తమకే వేసుకున్నట్టు. వరసగా చదివితే హాలంతటికీ తెలిసిపోతుంది. అందుకని ఒకటి ఆపి, మధ్యలో చదివేస్తా. లెక్క మారదుగా. పదిహేనేళ్ల పిల్ల, రేపు మళ్లీ బడికి రావాలా వద్దా?"

నూట యాభై ఆరు, నూట యాభై అయిదు. లెక్కల టీచర్ని, తీసివేత చెయ్యడానికి అంతసేపు పట్టింది.

"అప్పుడు ఒక్క మాట చెప్పుంటే నువ్వే గెలిచేదానివి," అన్నాను.

"గెలిచేదాన్నే. ఇంటికెళ్లి నీ పక్కనే పడుకోవాలిగా. నువ్వు వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు నిద్రెక్కడిది?"

క్షమించమని అడగాల్సిన చోటు అది. నాకూ తెలుసు. కానీ నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు కడుపు మండింది. దాని చెయ్యి పడనిది ఈ బడిలో నాదంటూ ఒకటుందనుకున్నాను, ఎవరికీ తెలియని ఒక తప్పు. ఇన్నేళ్లూ ఆ తప్పుని కూడా అదే దాచిపెట్టింది.

ఏం చెయ్యాలో తోచక, తువ్వాలు తీసుకుని ట్యూబులు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాను.

"అక్కా, అవి ఇంకా కడగలేదు," అంది.